తలనొప్పి లేకుండా పగిడీ కట్టుకోవడం ఎలా

ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పగిడీ, అంటే మా సిక్కుల తలపాగా, కట్టుకోవడం ఇద్దరి పని. ఒక కొస నాన్న పట్టుకునేవారు, ఇంకో కొస నేను. హాస్టల్‌కి వెళ్ళిన మర్నాడు పొద్దున చేతిలో 6 మీటర్ల గుడ్డ ఉంది, రెండో కొస పట్టుకోవడానికి మనిషి లేడు. ముందు రోజే పరిచయమైన రూమ్మేట్‌ని నిద్ర లేపడానికి మొహమాటం. గుడ్డను ఎలా పడితే అలా మడిచి, ఎక్కడ ఊడిపోతుందోనన్న టెన్షన్‌లో బలమంతా పెట్టి బిగించి క్లాసుకి వెళ్ళాను. పదకొండు అయ్యేసరికి కణతలు పోటు. మధ్యాహ్నం విప్పి అద్దంలో చూసుకుంటే నుదుటిమీద ఎర్రటి గాడి. అంత బిగించినా సాయంత్రానికి ఒకవైపు ఒరిగింది కూడా.

పగిడీ నిలబడేది బిగించడం వల్ల కాదని నాకు తెలియడానికి చాలా నెలలు పట్టింది. మడత సాపుగా వస్తే పొరకు పొర పట్టుకుని దానంతట అదే నిలుస్తుంది. మడత చెడిందంటే ఎంత లాగి కట్టినా జారుతుంది, మధ్యలో తలకు శిక్ష. అందుకే కట్టే భాగం కన్నా అంతకుముందు చేసే పనుల గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను. చదువుకో ఉద్యోగానికో ఇల్లు వదిలి వెళ్ళిన మన పిల్లలు నా మనసులో ఉన్నారు. పిల్లాడికి దస్తార్‌బందీ (మొదటిసారి పగిడీ కట్టే వేడుక) దగ్గరపడుతోంది, ఇంట్లో నేర్పే మగదిక్కు లేదనుకునే అమ్మలకూ ఇది పనికొస్తుంది.

మాది హైదరాబాద్. 1830లలో మహారాజా రంజిత్ సింగ్ పంపిన దళాలతో నిజాం రాజ్యానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో మాదీ ఒకటి. ఇంట్లో పంజాబీ, హైదరాబాదీ ఉర్దూ, తెలుగు మూడూ కలగలిపి నడుస్తాయి కాబట్టి పూణీ, లడ్, సలాయి లాంటి మాటలు అలాగే వాడతాను, అర్థం చెబుతూ వెళ్తాను. గౌరవంగా అయితే దస్తార్ అంటాం, రోజువారీ మాటల్లో పగ్ అనో పగిడీ అనో అనేస్తాం.

ముందు గుడ్డ సంగతి

మన ఊళ్ళలో మ్యాచింగ్ సెంటర్లలో జాకెట్టు గుడ్డగా అమ్మే రూబియా తెలుసు కదా, పగిడీలకు వాడేవాటిలో అదొకటి. 6 మీటర్లు కోయమంటే షాపతను ఇన్ని జాకెట్లు ఎవరికని అడుగుతాడు, నా తలకని చెప్పండి. రూబియా కాస్త దళసరి, మడత గట్టిగా నిలుస్తుంది. ఫుల్ వాయిల్ అంతకన్నా పలచన, తేలిక, హైదరాబాద్ ఎండలకు అదే నయం. మల్మల్ ఇంకా మెత్తన, కానీ నున్నటి అంచు తెచ్చుకోవడం కొత్తవాళ్ళకు కష్టం. పాలిస్టర్ కలిసిన గుడ్డ మాత్రం వద్దు. చూడ్డానికి మెరుస్తుంది, పొర మీద పొర నిలవదు, చెమట పీల్చదు.

పన్నా మీటరు దాకా ఉండేది చూసుకోండి. పొడవు 5 నుంచి 7 మీటర్లు, తల సైజును బట్టి, కట్టే తీరును బట్టి. నేర్చుకునేటప్పుడు 5 మీటర్లు చాలు. నిండుగా కనిపించే పటియాలా షాహీ పద్ధతి కావాలనుకుంటే 6 దాటాలి. కొందరు రెండు ముక్కలను పొడవునా అంచుకు అంచు కలిపి కుట్టించి పన్నా రెట్టింపు చేసుకుంటారు. దాంతో పగిడీకి నిండుదనం వస్తుంది, బరువూ వస్తుంది. మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

కొత్త గుడ్డను తెచ్చిన రోజే కట్టకండి. మిల్లు గంజి ఉంటుంది, జారుతుంది. ముదురు నీలం, మెరూన్ లాంటివైతే చెమటకు రంగు దిగి నుదుటికి అంటుకుంటుంది. నా స్నేహితుడొకడు ఇంటర్వ్యూకని కొత్త నీలం పగిడీ కట్టుకెళ్ళి, నుదుటిమీద నీలం గీతతో కూర్చున్నాడు. (ఉద్యోగం వచ్చింది లెండి.) రెండుసార్లు ఉతికి, నీడన ఆరేసి, పలచటి గంజి పెట్టండి. గంజి చిక్కగా పెడితే అంచులు అట్టముక్కలా మారి చెవి పైభాగాన్ని గీరేస్తాయి.

జుట్టు, ముడి

తడి జుట్టు మీద పగిడీ కట్టకూడదు. వాసన వస్తుంది, దురద పెడుతుంది, పుండ్లూ లేవచ్చు. తలస్నానం చేసే రోజున గంట ముందు లేవండి, లేదా ముందు రోజు సాయంత్రమే తల రుద్దుకోండి.

కంఘాతో, అంటే దువ్వెనతో, చిక్కు తీసి, జుట్టంతా పైకి దువ్వి, నడినెత్తికి కాస్త ముందుగా జూడా, అంటే ముడి, వేసుకోండి. పగిడీ ఆకారం సగం ఇక్కడే తేలిపోతుంది. ముడి మరీ ముందుకొస్తే పగిడీ కనుబొమల మీదికి వంగుతుంది, వెనక్కి పోతే పొరలు వెనక్కి జారతాయి. నిలువుగా గోపురంలా కాకుండా చుట్టలా పరిచి వేస్తే పైన సాపుగా కూర్చుంటుంది.

ముడి బిగువు గురించి ఒక మాట. నుదుటి దగ్గర చర్మం లాగినట్టు, కనుబొమలు పైకి లేచినట్టు అనిపిస్తే అది ఎక్కువ బిగువు. ఏళ్ళ తరబడి అలా లాగి కడితే ముందు వరస జుట్టు పలచబడుతుంది. డాక్టర్లు ట్రాక్షన్ అలోపేషియా అంటారు, మన వాళ్ళలో ఇది బాగా తెలిసిన సమస్యే. రాత్రి పడుకునేటప్పుడు ముడి వదులు చేసుకుని తలకు చిన్న గుడ్డ చుట్టుకుంటే చాలు.

ముడి మీద ఫిఫ్టీ కట్టుకోవాలి. పగిడీ కింద ఉండే చిన్న పట్టీ ఇది. ముందువైపు పగిడీ సందులోంచి త్రికోణంలా వేరే రంగులో కనబడుతుంది చూడండి, అదే. నుదురు సగం దాకా వచ్చేలా చుట్టి వెనక్కి తీసుకెళ్ళి కట్టండి. ఫిఫ్టీకి వేసే ముడి తల వెనక ఉబ్బుగా ఉండే ఎముక మీద పడకూడదు, పడితే పగిడీ దాన్ని రోజంతా నొక్కుతుంది. పగిడీ కట్టాక కారణం తెలియకుండా వచ్చే తలనొప్పికి ఇదీ ఒక మూలం కావచ్చు. ఫిఫ్టీ లేకుండా కట్టేవాళ్ళూ ఉన్నారు గానీ చెమట అదే పీలుస్తుంది, వేసవిలో రోజుకు రెండుసార్లు మార్చుకోవచ్చు, పగిడీ ఎక్కువ రోజులు శుభ్రంగా ఉంటుంది.

పూణీ: అసలు పని ఇదే

పూణీ అంటే గుడ్డను పొడవునా లాగి, మడతలు పెట్టి, పట్టీలా చేసుకోవడం. చీర కుచ్చిళ్ళు పెట్టడం వచ్చినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక్క కుచ్చి వంకర పోతే చీర మొత్తం వంకర పోయినట్టే ఇక్కడా.

ముందు తడి. ఇస్త్రీకి ముందు చిలకరించినంత తడి చాలు. స్ప్రే బాటిల్ ఉంటే మేలు, లేదంటే వేళ్ళతో చల్లండి. బకెట్లో ముంచి పిండినవాళ్ళను చూశాను. కట్టేటప్పుడు అద్భుతంగా కుదురుతుంది, కానీ ఆరేకొద్దీ బిగుసుకుని పది గంటల క్లాసుకల్లా కణతలు పట్టేస్తుంది.

ఇద్దరుంటే ఎదురెదురుగా నిలబడి ఒక్కొక్కరు తమ వైపు రెండు మూలలూ పట్టుకోండి. మొదట ఇద్దరూ కుడిచేతులతో మాత్రమే గట్టిగా లాగండి. ఎదురెదురుగా ఉన్నారు కాబట్టి గుడ్డ ఐమూలగా సాగుతుంది. తర్వాత ఇద్దరూ ఎడమచేతులతో. ఇలా రెండు మూడుసార్లు చేస్తే ముడతలు పోయి గుడ్డకు సాగే గుణం వస్తుంది. తల ఆకారానికి అమరేది ఆ సాగుడు వల్లే. చాలామంది తొందరలో దీన్ని వదిలేసి, తర్వాత అద్దం ముందు అరగంట కుస్తీ పడతారు.

ఇప్పుడు రెండు మూలలూ కలిపి సగానికి మడవండి. లాగండి. మళ్ళీ సగానికి. లాగండి. మీటరు పన్నా గుడ్డ మూడు మడతలకు 5 అంగుళాలకు కాస్త తక్కువ వెడల్పు పట్టీ అవుతుంది, అది సరిపోతుంది. ప్రతి మడతకూ ఒకసారి లాగి సాపు చేయడం మరచిపోకండి. చివరికి విడి అంచులు ఒకవైపు, ముడుచుకున్న నున్నటి అంచు ఇంకోవైపు వచ్చేలా చూసుకోండి. ఆ నున్నటి అంచే రేపు నలుగురికీ కనబడేది. కట్టేటప్పుడు అది కిందికి ఉండాలి.

ఒక్కరే ఉన్నప్పుడు? గుడ్డ కొసను బీరువా తలుపులో ఇరికించి తాళం వేయండి, లేదా కిటికీ ఊచకు ఒక్క ముడి వేయండి. తలుపు గొళ్ళెం కూడా పనికొస్తుంది గానీ అవతలి నుంచి ఎవరైనా తోశారో, అంతా మొదటికి. మడిచిన మూలలను కలిపి ఇరికిస్తే అటువైపు మడత దానంతట అదే నిలబడుతుంది, మీరు ఇటువైపే చూసుకుంటే చాలు. ఐమూలగా లాగడం మాత్రం ఒంటరిగా అంత బాగా రాదు. అందుకు మంచం మీద గుడ్డ పరిచి, ఒక మూల మోకాలి కింద నొక్కిపెట్టి, మీటరు మీటరుగా ఐమూల లాగుతూ వెళ్ళండి. కింద దుప్పటి వేసుకోండి, దస్తార్ గుడ్డ నేలకు తగలనివ్వం కదా.

మడవడం అయ్యాక కట్టు చుట్టినట్టు చుట్టుకుంటూ రండి. మొదలుపెట్టే కొస బయటికి ఉండాలి. ఇక్కడిదాకా సరిగ్గా చేస్తే మిగతాది అయిదు నిమిషాల పని.

తలకు చుట్టడం

అద్దం ముందు నిలబడండి. కూర్చుంటే మెడ వంగుతుంది, లేచాక పగిడీ వంకరగా కనబడుతుంది. మొదలుపెట్టే కొసను జానెడున్నర వదిలి పళ్ళ మధ్య పట్టుకోండి. కొరకొద్దు, ఊరికే పట్టుకోండి. దవడ బిగిస్తే కణతల దగ్గర కండరం ఉబ్బుతుంది, ఉబ్బిన కండరం మీద కట్టిన కొలత తప్పుడు కొలతే అవుతుంది.

కుడిచేతివాటం వాళ్ళకు చెబుతున్నాను, ఎడమచేతివాటమైతే అద్దంలో లాగా తిప్పుకోండి. పట్టీని ఎడమ చెంప మీదుగా, ఎడమ చెవి పైనుంచి వెనక్కి తీసుకెళ్ళండి. వెనక అది ఎక్కడ కూర్చుంటుందన్నది ముఖ్యం. మెడకు పైన, ఎముక ఉబ్బుకు కింద పల్లంగా ఒక చోటుంది, వేలు పెట్టి తడుముకుంటే తెలుస్తుంది. మొదటి చుట్టు అక్కడ ఆనాలి. ఆ ఉబ్బు పైన కట్టిన పగిడీ ఎంత బిగించినా మధ్యాహ్నానికి పైకి పాకుతుంది.

వెనక నుంచి కుడి చెవి మీదుగా ముందుకు తెచ్చి, నుదుటి మీద ఏటవాలుగా ఎడమవైపు పైకి తీసుకెళ్ళండి. ఇది మొదటి లడ్, అంటే మొదటి పొర. తర్వాతి చుట్టు వెనక కాస్త ఎత్తుగా తిరిగి, కుడివైపు పైనుంచి దిగుతూ ఎడమ చెవి మీదికి వస్తుంది. ఆ తర్వాతది మళ్ళీ వెనక కిందుగా తిరిగి కుడి చెవి మీద మొదలై ఎడమవైపు ఎక్కుతుంది. ఇలా ఒకటి ఎక్కుతూ ఒకటి దిగుతూ పోతే నుదుటి మధ్యలో పొరలు ఒకదాన్నొకటి దాటి కోణంలా కనబడతాయి. ఆ కోణం ముక్కుకు సూటిగా ఉండాలి. ప్రతి చుట్టుకూ ఎడమచేతి బొటనవేలితో అక్కడ నొక్కిపెట్టి, కుడిచేత్తో పట్టీని ముందుకు నడిపించండి.

ప్రతి కొత్త పొరా కింది పొర కన్నా అర అంగుళం పైన వేయాలి, కింది అంచు కనబడేలా. ఒకవైపు 4 పొరలుంటే రెండోవైపూ 4 ఉండాలి. మొదట్లో అందరికీ ఒకవైపు మెట్లలా వచ్చి, ఇంకోవైపు ముద్దలా వస్తుంది. కుడిచేతివాటం వాళ్ళకు ఎడమవైపు చెడుతుంది. రోజూ అద్దంలో ఆ వైపే చూసుకుంటూ కట్టండి.

ఎంత లాగాలి అన్నదానికి నా లెక్క ఇది. పట్టీని అది పోతున్న దారిలోనే లాగండి, తలలోకి నొక్కుతున్నట్టు లాగకండి. ప్రతి చుట్టు తర్వాత అరచేత్తో పొరను నిమరండి. రెండు చుట్లయ్యాక నుదుటికీ గుడ్డకూ మధ్య చూపుడువేలు కాస్త కష్టంగా దూరితే సరిపోయినట్టు. అసలు దూరకపోతే అక్కడే ఆగి వెనక్కి విప్పండి, 'తర్వాత అదే సర్దుకుంటుంది' అనుకోకండి. సర్దుకోదు.

చెవుల సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. మొదటి లడ్ చెవి పైసగాన్ని కప్పుతుంది. కప్పేటప్పుడు చెవి మడత పడిందంటే గంటలో మంట మొదలవుతుంది. వేలు లోపలికి పెట్టి చెవిని కిందికి మెల్లగా లాగి సాపు చేయండి. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు జోడు పెట్టుకునే కట్టుకోండి, లేదా కట్టాక దాని కాడ దూర్చడానికి సలాయితో దారి చేసుకోండి.

చివరి రెండడుగుల గుడ్డ మిగిలినప్పుడు మడత విప్పి వెడల్పుగా చేయండి. దాన్ని నడినెత్తి మీద, ముడిని కప్పుతూ పరిచి, కొసను వెనక పొరల్లోకి దోపండి. ఇప్పుడు పళ్ళ మధ్య ఉన్న కొసను వదిలి, దాన్నీ పైకి తీసి, విప్పార్చి, మిగిలిన ఖాళీని కప్పి లోపలికి దోపండి. పైన జుట్టు ఎక్కడా కనబడకూడదు. ఈ పైభాగం చేత్తో తడిమి కట్టేదే, అద్దంలో కనబడదు. ఫోన్‌తో వెనక నుంచి ఫోటో తీసుకుని చూసుకోండి. మా నాన్న తరానికి ఈ సౌకర్యం లేదు, అయినా ఆయన పగిడీ నాదానికన్నా నీటుగా ఉంటుంది. ఎలాగో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సలాయితో సవరణ

సలాయి సన్నటి లోహపు పుల్ల. కొందరు బాజ్ అంటారు. గుడ్డ అమ్మే సిక్కుల దుకాణాల్లో దొరుకుతుంది, గురుద్వారాల దగ్గరా దొరుకుతుంది. దొరక్కపోతే స్వెటర్ అల్లే సూది వాడండి. మొద్దు వైపుతో పొరల మధ్య దూర్చి ముడత సాపు చేయడానికి, పక్కలకు వచ్చిన వెంట్రుకలను లోపలికి తోయడానికి, చెవి దగ్గర గుడ్డను కాస్త సడలించడానికి పనికొస్తుంది. కణత దగ్గర బిగువుగా అనిపిస్తే పగిడీ మొత్తం విప్పక్కర్లేదు. ఆ చోట అన్నిటికన్నా లోపలి పొర కిందికి సలాయి దూర్చి మెల్లగా బయటికి ఎత్తండి, ఆ కాస్తా చాలు. కంటి వైపు, చెవి రంధ్రం వైపు మొన పెట్టకండి.

చివరగా ఒకసారి ఆవులించండి, కనుబొమలు ఎగరేయండి, తల గట్టిగా అటూ ఇటూ తిప్పండి. ఆవులిస్తే కణతలు పట్టేస్తే బిగువెక్కువ. తల తిప్పితే పగిడీ వెనకపడి తిరుగుతుంటే మొదటి లడ్ వదులు, అది సలాయితో బాగుపడదు, విప్పాల్సిందే.

పిన్నులు లేకుండా కట్టడం నేర్చుకోండి. తప్పదంటే వెనకవైపు లోపలి నుంచి ఒకటి. చెమటకు పిన్నీసు తుప్పు పట్టి గుడ్డకు మరక చేస్తుంది.

బండి, ఆట, రంగు

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం పగిడీ కట్టుకుని ఉన్న సిక్కుకు బండి మీద హెల్మెట్ తప్పనిసరి కాదు. మన రోడ్ల మీద పోలీసులు ఆపితే మర్యాదగా ఆ సంగతి చెబితే సరిపోతుంది. గాలికి పగిడీ ఊడదు గానీ పైన పరిచిన గుడ్డ లేస్తుంది, బండి మీద వెళ్ళే రోజు పై కొసను ఇంకో జానెడు లోతుగా దోపండి.

ఆటలకు, జిమ్‌కు పట్కా, అంటే ముడిని కప్పి తలకు కట్టుకునే చిన్న గుడ్డ, చాలు. బిషన్ సింగ్ బేడీ, హర్భజన్ సింగ్ బౌలింగ్ చేసింది దాంతోనే. చిన్నపిల్లలకూ అదే. పది పన్నెండేళ్ళు వచ్చేదాకా పెద్ద పగిడీ కోసం తొందరపెట్టకండి.

రంగు మీ ఇష్టం. మన్మోహన్ సింగ్ ఎప్పుడూ లేత నీలమే కట్టేవారు, తాను చదివిన కేంబ్రిడ్జ్ రంగని చెప్పుకున్నారు కూడా. నేర్చుకునేటప్పుడు మాత్రం లేత రంగుల గుడ్డ తీసుకోండి, అంచులు ఎక్కడ తప్పుతున్నాయో బాగా కనబడుతుంది. నలుపు అన్ని తప్పులూ దాచేస్తుంది, అందుకే దానిమీద నేర్చుకుంటే తప్పులూ అలాగే ఉండిపోతాయి.

విప్పడం, ఉతకడం

టోపీలా ఎత్తి పక్కన పెట్టి, మర్నాడు అలాగే తలమీద పెట్టేసుకోవాలని బద్ధకం పుడుతుంది. నాకూ పుట్టింది. అలా చేయరు. మర్యాద ఒకటి, రెండోది చెమట లోపలే ఉండిపోతుంది. పై కొస నుంచి ఒక్కొక్క లడ్ విప్పుకుంటూ రండి, విప్పిన గుడ్డను చేతికి చుట్టుకుంటూ వస్తే చిక్కు పడదు. విప్పాక నుదుటిమీద గీత పదిహేను నిమిషాల్లో పోవాలి. పోకపోతే మర్నాడు మొదటి చుట్టు వదులు చేయండి.

3 పగిడీలు ఉంటే వారం గడుస్తుంది. చేత్తో, తక్కువ సబ్బుతో ఉతకండి. మెషీన్‌లో వేస్తే 6 మీటర్ల గుడ్డ మిగతా బట్టలన్నిటికీ చుట్టుకుని తాడులా బయటికొస్తుంది. నీడలో ఆరేయండి. పూర్తిగా ఆరకముందే, ఇంకా కాస్త తేమ ఉండగానే తీసి పూణీ పట్టి చుట్టి పెట్టుకుంటే తడి చల్లే పని తప్పుతుంది. కాకపోతే మర్నాడు పొద్దునే కట్టేయాలి, రెండు రోజులు అలాగే ఉంచితే ముక్కిన వాసన వస్తుంది. నేను ఆదివారం సాయంత్రం ఉతికి, రాత్రి భోజనాలయ్యాక రూమ్మేట్‌ని రెండో కొస పట్టుకోమనేవాణ్ణి. రెండు నెలలకల్లా, ఐమూల లాగడం మరచిపోయానని వాడే గుర్తుచేసేవాడు.